కిటికీ వైపు వాలిన గడ్డి

నమోదు 6204. సోమవారం.

రెండు వందల మాటలు నింపితేనే రేపు లారీ కదులుతుంది. ఒంటరిగా తిరిగే పనివాళ్ళకు మతి చలించకుండా ఆఫీసు పెట్టిన నిబంధన ఇది. చదివేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, ఒకసారి వరసగా పది రోజులు గోంగూర పచ్చడి ఎలా నూరాలో రాశాను. ఒక్కరూ కిక్కురుమనలేదు, లారీ రోజూ కదిలింది. అప్పటినుంచీ నోటికొచ్చింది రాస్తున్నాను.

ఈరోజు హగరి నాలుగో కాలనీలో పెరటి బ్యాడ్మింటన్ కోర్టుకు టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, పరచడం ముగించాను. ఆడేది ఇద్దరు అక్కచెల్లెళ్ళట. మూడు రోజులు వాళ్ళ పెరట్లోనే ఉన్నా వాళ్ళెలా ఉంటారో నాకు తెలియదు. ఏం కావాలన్నా గోడలో ఉన్న స్పీకరే అడిగింది. తెల్లగీతలు కోసి అతికించి, ఇసుక చల్లి, బ్రష్‌తో పోచలన్నీ లేపి నిలబెట్టాక, గేటు వేసి వెళ్ళమంది. కిటికీలకేమో బయటినుంచి ఏమీ కనపడని నల్లరేకు. అవతల నిలబడి చూస్తున్నారో, లేక ఎప్పుడో లోపలి గదుల్లోకి వెళ్ళిపోయారో. గేటు వేసి వచ్చాను.

రేపటి నుంచి ఏడో కాలనీలో కుక్కల పెరడు. ఒకటే కుక్క, ఒకటే మనిషి.

నమోదు 6205. మంగళవారం.

యజమాని పేరు కంబగిరి. ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారట. పెరడంతా ఇంకా మట్టే. దుమ్ము జ్వరం వచ్చి వెళ్ళాక ఇంటి హద్దుల్లో మట్టి కనపడకూడదని చట్టం వచ్చి ఇరవై ఏళ్ళయింది. ముసలివాళ్ళకిచ్చిన మినహాయింపు పోయిన నెలతో అయిపోయింది, అందుకని నన్ను పంపారు.

మట్టి లాగే గొట్టం పెట్టి అర అడుగు మందాన తీసేశాను. లారీ దాన్ని మింగుతుంటే కుక్క గుమ్మంలో కూర్చుని చూసింది. ఎర్రటి నాటుకుక్క, మూతి నెరిసింది, పన్నెండేళ్ళట. పేరు సింగడు. స్పీకరులోంచి పెద్దాయన, ఆ దక్షిణపు మూల గంపెడు మట్టి ఉంచకూడదా, సింగడికి అలవాటైన చోటని అడిగాడు. కుదరదన్నాను. గొట్టం అప్పటికే ఆ మూలకు చేరింది కూడా.

నాకు జాలి లేదనుకుంటారేమో. ఉంది. కానీ జాలి పడితే కంకర సమంగా పడదు.

నమోదు 6206. బుధవారం.

కంకర పోసి, రాతిపొడి చల్లి, రోలరు తిప్పి, తడి కనిపెట్టే పట్టీ పరిచి, మధ్యాహ్నానికి టర్ఫ్ దింపాను. నాలుగు రోల్స్. అతుకులు ఎలా వచ్చాయంటే నేనే వెతికినా దొరకవు.

మా పనిలో అన్నిటికన్నా ముఖ్యం పోచల వాలు. నేతలో పోచలన్నీ ఒకే వైపుకి వంగి ఉంటాయి. ఆ వంపు చూసేవాళ్ళ వైపుకి ఉంటే గడ్డి నిండుగా, ముదురాకుపచ్చగా కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే పాలిపోయి, ఎండినట్టుంటుంది. అందుకని ఇంటి పెద్ద కిటికీ ఎక్కడుందో చూసుకుని, వాలు అటు పెట్టి పరుస్తాం. ఆటలాడేవాళ్ళు తప్ప జనం పెరట్లోకి దిగడం మానేశారు కదా, చూసేది కిటికీలోంచే.

ముగిశాక గొప్పలు చెప్పుకోవడం నాకలవాటు. వినేది స్పీకరైనా సరే. కిటికీ దగ్గర నిలబడి చూడండి సార్, అన్నాను. ఎండ పడమటికి వాలేకొద్దీ రంగు ఎలా మారుతుందో, వరిమడి పొట్టకొచ్చినప్పటి పచ్చదనం ఎలా వస్తుందో వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఇంకా చెప్పమన్నాడు కూడా. ఇన్నేళ్ళలో ఇంకా చెప్పమన్న మనిషి ఈయనొక్కడే.

నమోదు 6207. గురువారం.

మధ్యాహ్నం పన్నెండుకు గడువు మొదలైంది. కుక్కల పెరటికి ఇదొక మెలిక. ఏడు రోజుల్లోపు కుక్క కొత్త టర్ఫ్ మీద కనీసం ఒక్కసారి కాలకృత్యం తీర్చుకోవాలి, కింద పట్టీ దాన్ని నమోదు చెయ్యాలి, గేటు మీద పచ్చదీపం వెలగాలి. అప్పుడే ధ్రువపత్రం. వెలగకపోతే కుక్క ఇంకా ఎక్కడో మట్టి వెతుక్కుంటోందని లెక్క. వార్డు బండి వచ్చి తీసుకుపోతుంది, ఇక తిరిగి ఇవ్వరు. దీపం వెలిగేదాకా నా లారీ కూడా వెనక సందులోంచి కదలదు, కాబట్టి అంతదాకా రెండు వందల మాటలు నింపే తొందరా లేదు.

మామూలుగా గంటలో అయిపోతుంది. సింగడు మాత్రం మూడడుగులు వేసి, నాలుగో కాలు ఎత్తి ఆగి, వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. సాయంత్రం మళ్ళీ అదే తంతు. నేను లారీ మెట్టు మీద కూర్చుని తింటుంటే స్పీకరు పలికింది.

"మూడడుగులేసి మళ్ళొచ్చినాడు తల్లీ."

చూశాను సార్ అన్నాను. కొత్త కదా, రేపటికి అలవాటు పడతాడన్నాను.

నమోదు 6208. శుక్రవారం.

పడలేదు.

నమోదు 6209. శనివారం.

సింగడు మొండివాడు. ఆపుకోలేనప్పుడు స్నానాలగదిలో పోస్తున్నాడట, రోజుకొకసారి. అది లెక్కలోకి రాదు. మిగతా వేళంతా బిగబట్టుకుని పడుకుంటున్నాడు.

టర్ఫ్ మీద నీళ్ళు చల్లాను, వాసన నచ్చలేదేమోనని. సబ్బు పెట్టి కడిగాను. స్నానాలగది తుడిచిన గుడ్డ కుక్క తలుపులోంచి బయటికి తోయించుకుని మూలంతా రుద్దాను. వాడు గుమ్మంలోంచి మూతి చాచి వాసన చూశాడు, తోక కూడా ఆడించాడు, మళ్ళీ మూడడుగులు, మళ్ళీ వెనక్కి. పట్టీని మోసం చేద్దామని కూడా చూశాను. వట్టి నీళ్ళకు అది లొంగలేదు. మనిషిదైనా దానికి తేడా తెలుస్తుంది. ఎలా తెలుసుకున్నానో ఇక్కడ రాయను.

పెద్దాయన మాటలు తగ్గించాడు. సాయంత్రం నేనే పలకరించాను. భార్య పోయి తొమ్మిదేళ్ళయిందని, అప్పట్నుంచి ఈ ఇంట్లో తన మాటకు తల తిప్పే ప్రాణి ఇదొక్కటేనని చెప్పాడు. ఆ తరవాత అడిగాడు.

"బండోళ్ళు వస్తే, వాన్ని నేనే బండి ఎక్కిచ్చల్లనా? లేకుంటే వాళ్ళే ఎత్తుకపోతారా?"

నాకు తెలియదని చెప్పాను. అబద్ధం. ఆ బండి రావడం నేను రెండుసార్లు చూశాను. ఉచ్చుకర్రతో ఈడ్చుకుపోతారు.

నమోదు 6210. ఆదివారం.

ఈరోజు నాకు కోపం వచ్చింది, ఆ కోపానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పొద్దున సింగడు మళ్ళీ వెనక్కి తిరిగినప్పుడు, ఏదో ఒకచోట నేను చూడనిది ఉందేమో అనిపించింది. అతుకు లేచిందా, మేకు పైకొచ్చిందా. పై నుంచి చూస్తే తెలుస్తుంది. ఆయన్ను కిటికీ దగ్గరికి రమ్మన్నాను. నేను ఒక్కోచోట నిలబడి చెయ్యి ఊపుతాను, అక్కడ గడ్డి మిగతా దానికంటే ఎత్తుగా ఉందేమో చెప్పండి సార్, అన్నాను. నాలుగు మూలలా నిలబడి ఊపాను. నాలుగుసార్లూ ఆయన, బాగుంది తల్లీ, అన్నాడు. ఐదోసారి నేను ఊపలేదు. పరీక్షకని కాదు, భుజం నొప్పి పుట్టి ఊరికే నిలబడ్డాను. బాగుంది తల్లీ, అన్నాడు.

అరిచాను. మీ కుక్క కోసం నేనిక్కడ ఎండలో చస్తుంటే, మీరు కనీసం కిటికీ దాకా రావడానికి బద్ధకిస్తున్నారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అయిపోయేదాకా విన్నాడు.

"కిటికీ కాడనే ఉండా తల్లీ. నాకు కండ్లు కనపడవు. పద్నాలుగేండ్లాయ."

టర్ఫ్ మీదే కూర్చున్నాను. మరి మూడడుగులని ఎలా చెప్పారని అడిగాను. గోళ్ళ చప్పుడట. బండ మీద ఒకటి, గడ్డి మీద ఒకటి. చెవితోనే లెక్కపెట్టుకున్నాడు. కళ్ళు లేవని మొదటిరోజే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదన్నాడు. ఆ తరవాత అసలు సంగతి చెప్పాడు.

"నువ్వు ఆ పచ్చదనం గురించి చెప్తాంటివి సూడు, వరిమడి, ఎండ, అదంతా. మధ్యలో చెప్పింటే నువ్వు ఆపేస్తావని గమ్మునుంటి."

లారీలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఎవరూ చూడని కిటికీ కోసం నేను రోజంతా వాలు సరిచేశాను. ఇలాంటి కిటికీలు ఇంకెన్ని ఉన్నాయో అని మధ్యాహ్నమంతా ఆలోచించాను.

నమోదు 6211. సోమవారం.

దొరికింది. తప్పు నాదే.

మొన్న కడిగిన సబ్బునీళ్ళకు కుడి బూటు అడుగు ఊడింది. ఎండ ఇంకా రాలేదు కదా అని పొద్దున్నే రెండు బూట్లూ విప్పి, గుమ్మం దగ్గర నుంచి గేటు వైపు నడిచాను. నాలుగడుగులు వేయలేకపోయాను. పోచల కొసలు అరికాళ్ళలోకి సూదుల్లా దిగాయి. తిట్టుకుంటూ వెనక్కి తిరిగి గుమ్మం వైపు వచ్చాను. ఈసారి మెత్తగా ఉంది. అనుమానమొచ్చి మళ్ళీ వెళ్ళాను. గుచ్చింది. మళ్ళీ వచ్చాను. మెత్తన.

కిటికీ ఉన్నదీ, కుక్క తలుపు ఉన్నదీ ఒకే గోడకు. వాలు కిటికీ వైపుకి పెడితే, ఇంట్లోంచి బయటికి వచ్చే ప్రాణికి ప్రతి అడుగూ ఎదురు వాలే. కుర్రకుక్కలకు తెలియదు, గెంతుకుంటూ పోతాయి. పన్నెండేళ్ళ కుక్క, పగిలిన పాదాలు, రోజంతా బిగబట్టిన పొట్ట. వాడు నాకు మొదటి రోజునుంచీ కాలు ఎత్తి మరీ చూపిస్తున్నాడు. నేను వాణ్ణి మొండివాడని రాశాను.

పంతొమ్మిదేళ్ళు ఈ పని చేసి, నేను పరిచిన గడ్డి మీద నేనే ఒక్కసారి కూడా వట్టికాళ్ళతో నడవలేదు. మా పనివాళ్ళు ఎవరూ నడవరు. అందరం కిటికీ వైపే చూస్తాం.

పెద్దాయనకు చెప్పాను. దాచలేదు. మొత్తం లేపి, నాలుగు రోల్స్‌నూ తిప్పి వేస్తానన్నాను. గురువారం మధ్యాహ్నానికి అవుతుందా అన్నాడు. నలుగురు చేసే పని సార్, అన్నాను. అవుతుందని మాత్రం చెప్పలేదు. టర్ఫ్ ఎత్తగానే పట్టీ ఆగిపోతుంది, గడువు ఆగదు.

అంచు మేకులు నూట అరవై. సాయంత్రానికి అన్నీ పీకాను.

నమోదు 6212. మంగళవారం.

అతుకులు విప్పడం నరకం. నేను వెతికినా దొరకని అతుకులని గొప్పలు పోయాను కదా. నిజంగానే దొరకలేదు. మోకాళ్ళ మీద పాకుతూ వేలి గోటితో తడిమి పట్టుకుని, వేడిగాలి పెట్టి, అంగుళం అంగుళం జిగురు వదిలించాను.

ఆయన స్పీకరు ఆపలేదు. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఎక్కడి దానివి, ఇంట్లో ఎవరున్నారు, ఏం తిన్నావు. నా పేరు ఓబుళమ్మ అని చెప్పాను. ఇంట్లో ఎవరూ లేరు, అసలు ఇల్లే లేదు, లారీనే, అన్నాను. మా ఆయన దుమ్ము జ్వరానికి మొదటి ఏడే పోయాడని కూడా చెప్పాను. ఈ మాట ఎవరికైనా చెప్పి ఎన్నేళ్ళయిందో లెక్క తేల్లేదు.

ఒకప్పుడు పిల్లలతో కబడ్డీ ఆడించిన సంగతులు చెప్పాడు. మోకాలు చిట్లితే పిడికెడు మట్టి అద్దుకుని మళ్ళీ కూతకు పోయేవాళ్ళట. ఇప్పుడా మాట అంటే నేరం. నేను వేడిగాలి ఆపి విన్నాను. తరవాత నడుము పట్టేసి అలాగే వెల్లకిలా పడుకున్నాను. ఏమాయె ఓబుళమ్మా, చప్పుడు లేదే, అన్నాడు. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. లేచి వేడిగాలి మళ్ళీ పెట్టాను, ఆ చప్పుడు ఆయనకు వినపడాలని.

నమోదు 6213. బుధవారం.

తిప్పి వేశాను. మురుగు తూము దగ్గర కోసిన వంకర ఇప్పుడు తప్పుచోట పడింది, అక్కడ ముక్క అతికించాల్సి వచ్చింది. అందంగా లేదు. ఇసుక చల్లడం రేపటికి మిగిలింది. చేతులు పైకి లేవడం లేదు. రెండు వందల మాటలు ఈరోజు నావల్ల కాదు, కాబట్టి మేకు అని రాస్తాను. మేకు మేకు మేకు మేకు. లారీ ఒప్పుకుంది, బుద్ధిలేనిది.

నమోదు 6214. గురువారం.

ఇసుక ముగిసేసరికి పది దాటింది. పోచల మధ్య ఇసుక చేత్తోనే తోశాను, బ్రష్ పెడితే కొసలు మళ్ళీ లేస్తాయని. పదిన్నరకు పట్టీ మేలుకుంది. తలుపు తెరవమన్నాను.

సింగడు గుమ్మంలో నిలబడ్డాడు. నేను గేటు పక్కన గోడకు ఆనుకుని అడుగులు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు దించాడు. ఐదు. ఆరు. వంచిన తల వంచినట్టే ఉంచి, నెమ్మదిగా, నేరుగా ఆ దక్షిణపు మూలకు నడిచాడు. అక్కడ రెండు చుట్లు తిరిగాడు. వెనక కాలు పూర్తిగా లేవడం లేదు వాడికి, సగమే లేపాడు. ఎంతసేపు పోశాడో. గేటు మీద పచ్చదీపం వెలిగింది.

"పోసినాడా?" అన్నాడు పెద్దాయన.

"పోసినాడు సార్. దీపం వచ్చింది."

ఏడ్చాడు. స్పీకరు ఆపుకోవడం మర్చిపోయి చాలాసేపు ఏడ్చాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, అదేదో ఆయనకు కనపడుతుందన్నట్టు.

సింగడు ఇప్పుడు ఎదురు వాలులో వెనక్కి వెళ్ళాలి. గుచ్చుకుంది, కాళ్ళు ఎత్తి ఎత్తి వేశాడు. అయినా ఆగలేదు. అటు చివర మనిషి ఉన్నాడు కదా.

కాసేపటికి ఆయన తేరుకుని, ఇప్పుడు చూసేదానికి ఎట్లుంది, చెప్పు, అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కిటికీ వైపు నుంచి చూస్తే అధ్వానంగా ఉంది సార్, ఎండిపోయిన జొన్నచేనులా ఉంది, తూము దగ్గర అతుకు పుండులా కనపడుతోంది, అన్నాను. నవ్వాడు. ఇంకా చెప్పమన్నాడు. కానీ ధ్రువపత్రం వచ్చిన అరగంటకు గేటు తెరిచే నా సంకేతం చెల్లదు, సామాను ఎత్తుకోవాలి. వస్తాను సార్ అన్నాను. మంచిదన్నాడు. టర్ఫ్ ఆయుష్షు పన్నెండేళ్ళు, అంతవరకూ ఆ పెరట్లో నాకు పని లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నమోదు 6217. ఆదివారం.

రెండు వందల నలభై కిలోమీటర్లు తూర్పుకి వచ్చాను. ఇక్కడ టెన్నిస్ కోర్టు. యజమాని గొంతు కూడా వినిపించలేదు, కావలసినవన్నీ తెర మీద అక్షరాల్లో వస్తున్నాయి. కంకర పోశాను. రోలరు తిప్పాను. మధ్యాహ్నం తింటూ ఎవరో ఏం తిన్నావని అడిగినట్టనిపించి తలెత్తాను. ఎవరూ లేరు. ఇంతకు ముందు కూడా ఎవరూ ఉండేవాళ్ళు కాదు, కానీ అప్పుడు నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది, బాధగా ఉంది.

నమోదు 6219. మంగళవారం.

నా మీద ఫిర్యాదు వచ్చింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిది.

పొద్దున లారీ తెర మీద ఎర్రగా కనపడగానే ఒళ్ళు మండిపోయింది. నా పని మీద ఫిర్యాదా, ఎవడు వాడు అనుకుంటూ గ్లవుజులు విసిరికొట్టి తెరిచాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"హగరి ఏడో కాలనీ, కంబగిరి. నా పెరటిలో వేసిన గడ్డి కిటికీలో నుండి చూడగా ఎండిపోయిన జొన్నచేను వలె కనబడుచున్నది. తూము వద్ద అతుకు మిక్కిలి వికారముగా నున్నది. చూచుటకు కష్టముగా నున్నందున, వేసినవారే వచ్చి చూడవలసినదిగా కోరుచున్నాను."

రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే నవ్వొచ్చింది, లారీ మెట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

నిబంధన తీసి చూశాను. ఫిర్యాదు వస్తే చేతిలో పని ఆపి ముందు అక్కడికే వెళ్ళాలి. పని గట్టిదనం గురించి ఫిర్యాదైతే పెరట్లోకి పోయి చూసి వస్తే చాలు. చూపుకి బాగాలేదన్న ఫిర్యాదైతే, ఫిర్యాదు చేసినవారు చూసే చోటే నిలబడి తనిఖీ చెయ్యాలి. అంటే ఇంట్లోకి వెళ్ళాలి. ఆ కిటికీ దగ్గర, ఆయన పక్కన. ముసలాయనకు ఈ నిబంధన ఎవరు చదివి వినిపించారో, ఎన్ని పేజీలు వినిపించుకుని దీన్ని పట్టుకున్నాడో.

ఫిర్యాదు నిజమేనా అని లారీ అడిగింది. నిజమే అని నొక్కాను. తప్పు పనివారిదేనా అంది. నాదే అన్నాను. తనిఖీకి ఎంత సమయం కావాలంది. అక్కడ ఒకటి నుంచి తొమ్మిది గంటల దాకా అంకెలున్నాయి.

తొమ్మిది నొక్కి, లారీ తిప్పాను.